డిసెంబర్ 31 రాత్రి ఇచ్చే వాగ్దాన కార్డులు ఆపేయాలా?

గోదావరి గట్టు:
అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో కొత్త ఏడాదికని ఒక్కో బైబిల్ వచనం రాసిన కార్డు ఇస్తారు కదా, ఈ ఏడు మా ఇంటికి వచ్చిన వాగ్దానం యిర్మీయా ప్రవక్త పుస్తకంలోని 29:11. హానికరమైన ఉద్దేశాలు కావు, సమాధానకరమైనవే అన్న వచనం. అమ్మ దాన్ని ఫ్రేమ్ కట్టించింది. మార్చిలో నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆగస్టులో తమ్ముడి ఉద్యోగం పోయింది. పరామర్శకు వచ్చిన ఒక పెద్దమనిషి "వాగ్దానాన్ని విశ్వాసంతో పట్టుకోలేదేమో" అన్నాడు. ఆ రాత్రి అమ్మ ఫ్రేమ్ తీసి బీరువాలో పెట్టేసింది.

అందుకే ఈ కార్డులు ఆపేయాలంటున్నాను. ఆ మాట క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఉత్తరం విన్న ముప్పై ఏళ్లవాడు తిరిగి యెరూషలేము చూడాలంటే వందేళ్లు బతకాలి. 28వ అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త మాత్రం రెండేళ్లలో అంతా బాగైపోతుందని చెప్పి, బబులోనుకు లొంగి ఉండాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడమీద పెట్టుకున్న కాడిని విరిచేశాడు. అతను చెప్పింది అబద్ధం. పదో వచనం వదిలేసి, ఈ ఒక్క ఏడాదికని పదకొండో వచనం పంచితే యిర్మీయా నోట హనన్యా మాట పలికించినట్టే.

మిరప చేను:
అన్నా, మీ అమ్మగారి గురించి చదివి చాలా బాధ కలిగింది. కానీ ఆపేయాలంటే ఒప్పుకోను. మా అత్తమ్మకు చదువు రాదు. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు పట్టి పూత మొత్తం పోయింది. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చునేవాళ్లు. అప్పుడు మా పాప రోజూ పొద్దున కార్డు చదివి వినిపిస్తే, ఆమె ఆ మాట పట్టుకుని లేచి పనిలోకి వెళ్లేది. అధ్యాయం మొత్తం చదవగలిగినవాళ్లకేనా దేవుని మాట? తప్పు కార్డుది కాదు, ఆ పెద్దమనిషి నోటిది.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ఇద్దరూ ఒక మాట గమనించండి. ఆ వచనంలో మన బైబిల్ వాడిన పదం "నిరీక్షణ". మామూలు తెలుగులో దానికి ఎదురుచూడటం అనే అర్థం. అక్కడి హీబ్రూ మాట "తిక్వా". యెహోషువ 2లో యెరికో పట్టణపు రాహాబు, దాడిలో తన ఇంటివాళ్లను వదిలేయడానికి గుర్తుగా కిటికీకి కట్టిన ఎర్ర దారానికీ అదే మాట. సైన్యం వచ్చి పట్టణం పడిపోయేదాకా ఆ దారం కిటికీకి వేలాడుతూ ఉండాలి. రోమా 5లో కూడా శ్రమ ముందు, తర్వాత ఓర్పు, తర్వాత పరీక్ష. నిరీక్షణ చివర వస్తుంది.

ఇంకొకటి. ఆ ఉత్తరం ఊరికే ఎదురుచూడమనలేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, చెరపట్టినవాళ్ల ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అంది. శత్రువు ఊరి కోసం! నలభై ఏళ్లుగా చదువుతున్నా నాకు అక్కడ గొంతు పట్టేస్తుంది.

గోదావరి గట్టు:
మాస్టారూ, ఆ దారం సంగతి నాకు తెలియదు. సిస్టర్, మీ అత్తమ్మగారి చేతిలోంచి కార్డు లాక్కోవాలని నా ఉద్దేశం కాదు. ఆపేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పది, పదకొండు వచనాలు కలిపే అచ్చువేయాలి. ఏడ్చేవాళ్లతో విశ్వాసం తక్కువ అనడం మాత్రం ఆగిపోవాలి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే. అమ్మకు ఇప్పుడు ఆ కీర్తనే చదివి వినిపిస్తున్నాను.

మిరప చేను:
పదో వచనం కూడా కలిపితే ఏమంటుందో అని నిన్న రాత్రి పాప చేత అత్తమ్మకు రెండూ చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డెబ్బై ఏళ్లా? అయితే అది నాకు కాదమ్మా, ఈ పిల్లకి. రోజూ రెండూ చదవమను" అంది.