అకౌస్టిక్ గిటారుకు 10 సెట్టా, 12 సెట్టా? అనంతపురం ఎండకు ఏ తీగలు మేలు?

అనంత_స్వరం:
నమస్తే అన్నా అందరికీ. నాది 41 అంగుళాల డ్రెడ్‌నాట్ గిటారు, స్టీలు తీగలది, పైపలక ప్లైవుడ్. గిటారుతో పాటు వచ్చిన తీగలు నల్లబడి మోత చచ్చిపోయింది, కొత్త సెట్టు కొనాల. అంగట్లో అడిగితే లైట్ అని ఒకటి, ఎక్స్‌ట్రా లైట్ అని ఒకటి చూపించినారు. ఒకదాని మీద 12-53, ఇంకోదాని మీద 10-47 అని ఉంది. పైగా 80/20 అంట, ఫాస్ఫర్ బ్రాంజ్ అంట, కోటింగ్ అంట. వాయించేది ఆదివారం చర్చిలో పాటలకు స్ట్రమ్మింగు, ఇంట్లో సినిమా పాటల ట్యూన్లు. ఎఫ్ బార్ కార్డు (చూపుడువేలు అన్ని తీగల మీదా అడ్డంగా నొక్కేది) పట్టుకుంటే ఒకటో తీగ, రెండో తీగ సరిగ్గా పలకవు, వేళ్లు కోసుకుపోతాయి. 10 వేస్తే ఈ బాధ తీరుతుందా? మన ఎండలకు ఏవి ఎక్కువ రోజులు వస్తాయి?

నల్లమల_తీగ:
తమ్ముడూ, సెట్టు కొనే ముందు ఒక స్టీలు స్కేలు తీసుకో. గిటారును శృతి చేసి, 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు ఎత్తు కొలువు. ఆరో తీగ దగ్గర రెండున్నర మి.మీ. చుట్టుపక్కల, ఒకటో తీగ దగ్గర 2 మి.మీ. ఉంటే బాగున్నట్టు. మూడు దాటితే నువ్వు ఏ తీగలు వేసినా చేయి నొప్పి పోదు.

ఎఫ్ కార్డు సంగతి వేరు, అది నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర తేలుతుంది. అదే ఎఫ్ ఆకారాన్ని 5వ ఫ్రెట్ మీద పట్టి చూడు. అక్కడ అన్ని తీగలూ తేలిగ్గా పలికి, 1వ ఫ్రెట్ మీద మాత్రమే పలకకపోతే నట్‌లోని గాడులు ఎత్తుగా ఉన్నాయని అర్థం. ఇంకో పరీక్ష: 2, 3 ఫ్రెట్ల మధ్య తీగను నొక్కి పట్టి 1వ ఫ్రెట్ మీద సందు చూడు. వెంట్రుక మందం ఉంటే చాలు. కాగితం దూరి ఇంకా వదులుగా ఆడితే గాడి లోతు చేయించాల. ఈ పని ఇంట్లో చేయొద్దు. దానికి తీగ మందానికి సరిపోయే ఆకురాళ్లు కావాలి. ఒక్క గీత ఎక్కువ పోతే తీగ ఉత్తిగా మీటినప్పుడు 1వ ఫ్రెట్‌కు తగిలి జీరపోతుంది, అప్పుడు నట్టే మార్చుకోవాల్సి వస్తుంది.

కొండారెడ్డి_బురుజు:
పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. తీగల మందం గురించి నేను చెప్తా.

ప్యాకెట్ మీది అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. 12-53 అంటే ఒకటో తీగ 0.012 అంగుళం, ఆరోది 0.053. సాదా (చుట్టు లేని) తీగకు శృతి అదే ఉంచి మందం మారిస్తే బిగువు మందం వర్గాన్ని బట్టి మారుతుంది. అందుకే 12 నుంచి 10కి దిగితే అంకెలో తేడా రెండే అయినా ఒకటో తీగ బిగువు సుమారు 23 పౌండ్ల నుంచి 16 పౌండ్లకు, అంటే దాదాపు మూడో వంతు పడిపోతుంది. వేలికి హాయిగా ఉంటుంది. కానీ ఆ బిగువే కదా పైపలకను కదిలించేది! డ్రెడ్‌నాట్ లాంటి పెద్ద పెట్టెకు 10 వేస్తే మైకు లేని చోట మోత పలచబడుతుంది, గట్టిగా స్ట్రమ్ చేస్తే తీగ ఎక్కువగా ఊగి ఫ్రెట్లకు కొట్టుకుంటుంది. చర్చిలో నలభై మంది పాడుతుంటే వినబడదు.

నా సలహా 11-52, కస్టమ్ లైట్ అని అమ్ముతారు. నీలాంటి రెండు పనులవాళ్లకు అదే సరిపోతుంది. చేయి గట్టిపడ్డాక 12కి పోవచ్చు. 13-56 మీడియం జోలికి మాత్రం పోవద్దు. చవక గిటార్లలో బ్రిడ్జి (పైపలక మీద తీగలు బిగించే చెక్క) వెనక పైపలక ఉబ్బుతుంది, బ్రిడ్జి జిగురు విడుతుంది. ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే కడ్డీ) లేని పాత గిటార్లు ఇంకా అంగళ్లలో కనబడతాయి. వాటికి 12 కూడా ఎక్కువే, 10 గానీ సిల్క్ అండ్ స్టీల్ (పట్టుదారం కలిసిన మెత్తటి తీగలు) గానీ వేయాలి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద అకౌస్టిక్ అని ఉందో లేదో చూసుకో. 10-46 అని ఉండి, మూడో తీగకు చుట్టు లేకుండా, లావు తీగలు వెండి రంగులో ఉంటే అది ఎలక్ట్రిక్ గిటారుది. బిగించొచ్చు గానీ మోత రాదు.

నల్లమల_తీగ:
11 విషయంలో నాది వేరే అభిప్రాయం. చర్చిలో స్ట్రమ్మింగే ముఖ్యమైతే 12 వేసి అర మెట్టు కిందికి శృతి చేసుకోమంటా. అర మెట్టు దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. అసలు శృతి కావాలంటే 1వ ఫ్రెట్‌కు కాపో (తీగలన్నీ నొక్కిపెట్టే క్లిప్పు) పెట్టుకుంటే సరి. లావు తీగల గంభీరం పోదు, కాపో ఉన్నంతసేపు నట్ ఎత్తు బాధ కూడా ఉండదు.

పెన్నా_ఫ్రెట్:
లోహం సంగతి. 80/20 అంటే చుట్టు తీగలో 80 శాతం రాగి, 20 శాతం తుత్తునాగం. వేసిన రోజు గణగణమంటుంది, త్వరగా మసకబారుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ అంటే సుమారు 92 శాతం రాగి, 8 శాతం తగరం, కొద్దిగా ఫాస్ఫరస్. గిటారు తీగల్లోకి దీన్ని 1974లో డడారియో కంపెనీ తెచ్చింది. కాస్త వెచ్చని నాదం, ఎక్కువ రోజులు నిలుస్తుంది. పాటకు తోడుగా వాయించేవాళ్లకు ఇదే మేలు. రెండిట్లోనూ ఒకటి, రెండు తీగలు మాత్రం సాదా ఉక్కువే.

తీగను చంపేది చెమట, దుమ్ము. మార్చి నుంచి జూన్ వరకు మనకు రెండూ పుష్కలం. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఉండేవాళ్లకు ఆ సన్నపొడి చుట్ల సందుల్లో చేరి తీగ మూగబోతుంది. వాయించడం అయిపోగానే పొడి నూలుగుడ్డతో తీగ పైనే కాదు, కింద కూడా తుడవండి. కొబ్బరినూనె రాయడం చాలామందికి అలవాటు, దయచేసి రాయకండి. దుమ్మును పట్టి ఉంచుతుంది.

చేతికి చెమట ఎక్కువగా పట్టేవాళ్లకు కోటెడ్ (పలచటి పూత వేసిన) తీగలకు పెట్టే డబ్బు దండగ కాదు. ఎలిక్సర్, డడారియో ఎక్స్‌ఎస్ లాంటివి మామూలు సెట్టుకు రెండింతలకు పైగానే పడతాయి, కానీ నెలలో చచ్చిపోయే తీగ మూడు నాలుగు నెలలు వస్తుంది. చెమట పట్టని చేతులకు మామూలు ఫాస్ఫర్ బ్రాంజ్ చాలు. తీగ అడుగున వేలుపెట్టి తడిమితే ఫ్రెట్ తగిలే చోట గుంతలు తెలిసినా, 12వ ఫ్రెట్ మీద నొక్కిన స్వరం అక్కడే హార్మోనిక్‌తో (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరంతో) కలవకపోయినా సెట్టు మార్చే కాలం వచ్చినట్టే.

తీగల కంటే గిటారుకు ఎండ ఎక్కువ ప్రమాదం. మూసిన కారులో, రేకుల ఇంట్లో గోడకు ఆనించి వదలొద్దు. వేడికి బ్రిడ్జి జిగురు మెత్తబడి, తీగల బిగువుకు లేస్తుంది. కూలర్ గాలికి ఎదురుగా కూడా పెట్టొద్దు, తడి గాలి ఒక పూట, పొడి గాలి ఒక పూట తగిలితే చెక్క అల్లాడిపోతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి పెట్టి కేసులో ఉంచండి.

అనంత_స్వరం:
చాలా థ్యాంక్స్ అన్నా. కొలిచినా. ఆరో తీగ 3.4, ఒకటోది 2.8 మి.మీ. 5వ ఫ్రెట్ మీద కూడా కష్టంగానే ఉండాది, నట్ దగ్గర సందు వెంట్రుకంతే. అయితే తగ్గించేది ఎట్ల? ఇంకోటి, తీగ లాగి గమకాలు పలికించాలంటే 11 మీద కుదురుతుందా?

నల్లమల_తీగ:
నట్ బాగుంది, ఎత్తు శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర ఉన్నట్టుంది. దానికంటే ముందు మెడ వంపు చూడు. ఆరో తీగను 1వ ఫ్రెట్ దగ్గర, 14వ ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి, 7వ ఫ్రెట్ మీద సందు చూడు. రెండు జెరాక్స్ కాగితాల మందం, అంటే 0.2 మి.మీ. ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను గడియారం దిశలో పావు చుట్టు బిగించి, శృతి చేసి మళ్లీ కొలువు. ఒకేసారి పావు మించి తిప్పొద్దు.

వంపు సరిగ్గా ఉంటే శాడిల్ అరగదీయాలి. 12వ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ 0.8 మి.మీ. తగ్గాలంటే శాడిల్ 1.6 మి.మీ. తగ్గాలి. పైభాగం ముట్టుకోకు. పెన్సిలుతో అడుగున గీత గీసి, అడుగు భాగమే రుద్దు. వంటగట్టు మీది నున్నటి కడప బండ మీద 240 నంబరు శాండ్‌పేపర్ పరిచి, శాడిల్‌ను నిట్టనిలువుగా పట్టి రుద్దితే అడుగు చదునుగా వస్తుంది. వాలితే నాదం సగం పోతుంది, కింద పికప్ (స్పీకరుకు శబ్దం పంపే పరికరం) ఉంటే కొన్ని తీగలు స్పీకర్లో వినబడనే వినబడవు. అనుకున్నదాంట్లో సగం రుద్ది, తీగలు బిగించి కొలిచి, మిగతాది తర్వాత చెయ్. అరిగిపోయింది తిరిగి రాదు. అంతా అయ్యాక శాడిల్ బ్రిడ్జి పైకి కనీసం 2 మి.మీ. కనబడాలి. అంత మిగలదనుకుంటే రుద్దకుండా బాగుచేసేవాళ్లకు చూపించు, లోపం మెడ కోణంలో ఉంటుంది.

కొండారెడ్డి_బురుజు:
గమకాలు ఒకటి, రెండు తీగల మీద 11తో బాగానే పలుకుతాయి, ఒక మెట్టు వరకు లాగొచ్చు. మూడోది చుట్టు తీగ కాబట్టి మొండికేస్తుంది. అక్కడ లాగకుండా జారుడుతో పలికించు. కొందరు మూడోదాన్ని సాదా తీగగా మారుస్తారు. అకౌస్టిక్ శాడిల్ చుట్టు తీగ లెక్కకు చెక్కింది కాబట్టి పైఫ్రెట్లలో ఆ తీగ శృతి పైకి పోతుంది. చేయొద్దు.

బిగించేటప్పుడు తెగేది, జారేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి బ్రిడ్జి. తీగ చివరి గుండును లోపలికి వేసి, పిన్ను గాడి శబ్ద రంధ్రం వైపు ఉండేలా పెట్టి, పిన్నును వేలితో అదిమి తీగను పైకి లాగు. గుండు లోపలి పలకకు తగిలి ఆగినట్టు తెలియాలి. గుండు పిన్ను కొస మీద కూర్చుంటే శృతి చేసేటప్పుడు పిన్ను టప్పున ఎగురుతుంది. రెండోది కీ కడ్డీ. దాని మందం 6 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి ఒక చుట్టుకు దాదాపు 2 సెం.మీ. తీగ పడుతుంది. లావు తీగలకు రెండు చుట్లకు 4, సాదా తీగలకు మూడు చుట్లకు 6 సెం.మీ. వదులు ఉంచి, చుట్లు పైనుంచి కిందికి దిగేలా చుట్టు. తల ముందునుంచి చూస్తే 6, 5, 4 కడ్డీలు గడియారానికి ఎదురుగా, 3, 2, 1 గడియారం దిశలో తిరగాలి. డడారియో సెట్టు అయితే తీగలు కలిసిపోయినా గుండు రంగు చూసి పోల్చుకోవచ్చు: ఆరోది ఇత్తడి రంగు, తర్వాత వరుసగా ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, ఊదా, వెండి.

పెన్నా_ఫ్రెట్:
ఇప్పుడున్నవి 12 అయి 11కి దిగితే మెడ కొంచెం వెనక్కి పోతుంది. 1 నుంచి 5 ఫ్రెట్ల దగ్గర జీర వస్తే శాడిల్‌ను తప్పుపట్టకుండా ట్రస్ రాడ్‌ను గడియారానికి ఎదురుగా పావు చుట్టు వదులు చెయ్. కాబట్టి వరుస ఇది: ముందు కొత్త తీగలు, ఒక రాత్రి శృతిలో ఉంచు, తర్వాత మెడ వంపు, చివరికి శాడిల్. పాత తీగల మీద శాడిల్ అరగదీస్తే కొలతలు మళ్లీ మారతాయి. శాడిల్ తీయడానికి తీగలు వదులు చేయాలి కాబట్టి మొదటిసారి కడ్డీ దగ్గర కొస మరీ పొట్టిగా కత్తిరించకు, అయిపోయాక 3 మి.మీ. ఉంచి కత్తిరించుకో. విడిగా ఒకటో తీగ ఒకటి అదే మందంలో తెచ్చిపెట్టుకో, ఆదివారం పొద్దున తెగితే అంగళ్లు మూసి ఉంటాయి.