చైనా సంప్రదాయ చిత్రకళకి, డబ్బుకి నిజంగా పొసగదా?

సిరాచుక్క:
కొన్నాళ్లుగా చైనా పద్ధతిలో సిరాతో కొండలూ నీళ్లూ వేస్తున్నాను. ఇప్పటి సిరీస్ అంతా వాళ్ల నోట్ల వెనకున్న దృశ్యాలే. 20 యువాన్ల నోటు మీది లీ నది కొండలు, 10 మీది యాంగ్‌ట్సీ కనుమ, 5 మీది తైషాన్ పర్వతం, 1 మీది హాంగ్‌జౌ పడమటి సరస్సు. నోటు మీద కొండంతా వెంట్రుకంత సన్నని గీతలే. అదే కొండని పలచటి సిరాతో షువాన్ కాగితం మీద వేస్తే గీత నిలవదు, కాగితం పీల్చేసుకుని అంచు పాకిపోతుంది. నాకు కావలసింది ఆ తేడానే. కానీ మా మాస్టారిది ఒకటే మాట: పాతకాలపు పండిత చిత్రకారులు, అంటే బొమ్మలు వృత్తిగా కాక మనసుకోసం వేసిన చదువుకున్నవాళ్లు, డబ్బు కోసం కుంచె పట్టలేదు, నేను చేసేది వాళ్లకి అవమానమట. నిజమేనంటారా?

వెదురుపొద:
మీ మాస్టారికి జెంగ్ బాన్‌చియావ్ రేట్ల పట్టిక చూపించండి. వెదురు బొమ్మలకి పెట్టింది పేరు. 1736లో జిన్‌షి, అంటే ప్రభుత్వ కొలువులకి పెట్టే అన్నిటికన్నా పై పరీక్ష, నెగ్గి, షాన్‌డోంగ్‌లో జిల్లా అధికారిగా చేసినవాడు, కాబట్టి పండితుడు కాడనడానికి లేదు. కొలువు పోయాక యాంగ్‌జౌ వచ్చి బొమ్మలమ్ముకుని బతికాడు. 1759లో రాశాడు: పెద్ద బొమ్మకి ఆరు లియాంగ్‌ల వెండి, మధ్యరకానికి నాలుగు, చిన్నదానికి రెండు, విసనకర్రకి అర. లియాంగ్ అంటే సుమారు 37 గ్రాములు.

అసలు మజా ఆ కింద ఉంది. కానుకలూ తినుబండారాలూ వద్దు, మీరు తెచ్చేది నాకు నచ్చాలని ఏముంది, రొక్కమిస్తే మనసు హాయిగా ఉండి బొమ్మ కూడా బాగొస్తుంది, అప్పు పెట్టడమంటే ఎగ్గొట్టడమే అన్నాడు! ఆ చిరాకు చూస్తే తెలియడం లేదూ, డబ్బు మాటెత్తని చోట లెక్కంతా కానుకల్లో, మొహమాటాల్లో నడిచేదని?

పాతకాగితం:
ఒక్క జెంగ్‌తో తేల్చేస్తే ఎలాగండీ? అది 18వ శతాబ్దం, పైగా ఉప్పు వర్తకుల డబ్బు పారుతున్న ఊరు. 14వ శతాబ్దపు నీ జాన్‌ని చూడండి. బొమ్మ వేసిపెట్టమని ఒక పాలకుడి తమ్ముడు పట్టుగుడ్డ, డబ్బు పంపితే గుడ్డ చింపేసి తిప్పికొట్టాడని చెబుతారు.

వెదురుపొద:
నీ జాన్ పుట్టింది వూషీలో బాగా ఉన్నవాళ్ల ఇంట్లో. వద్దనడానికి కూడా స్థోమత ఉండాలి కదా. ఇక డోంగ్ చిచాంగ్ సంగతి! పండితుల బొమ్మ గొప్పది, వృత్తి పనివాళ్లది తక్కువ అని సిద్ధాంతం కట్టిన ఆయనే, అడిగేవాళ్ల తాకిడికి తట్టుకోలేక వేరేవాళ్ల చేత వేయించి తన సంతకం పెట్టేవాడు. మీ సిరీస్‌లో ఒక నోటు ఆయనకీ పెట్టండి.

గోడమేకు:
చి బాయ్‌షిని మరిచిపోయారే! వడ్రంగిగా మొదలైన మనిషి, బీజింగ్‌లో తన ఇంట్లో రేట్లు రాసి గోడకి తగిలించాడు. 1925లో వేసిన ఆయన పన్నెండు కొండల బొమ్మల సెట్ 2017లో బీజింగ్ వేలంలో 93 కోట్ల యువాన్లు దాటింది.

సిరాచుక్క గారూ, ఒక్క జాగ్రత్త. కొండలు మాత్రమే వేస్తే ఇబ్బంది ఉండకపోవచ్చు. నోటు డిజైన్‌ని ఉన్నదున్నట్టు దించి చైనాలో కేటలాగ్‌లోనో పోస్టర్‌లోనో వేయాలంటే మాత్రం అక్కడి కేంద్ర బ్యాంకు అనుమతి కావాలి. ముందే కనుక్కోండి.

సిరాచుక్క:
థ్యాంక్సండీ, పోస్టర్ సంగతి నాకు తట్టనే లేదు. జెంగ్ పట్టికని మాత్రం నిలువుగా పెద్ద అక్షరాల్లో రాసి నోట్ల మధ్యలో వేలాడదీస్తాను. దాని రేటు ఆరు లియాంగ్‌లే.