మండువా ఇంట్లో వైఫై: బాబాయి గదిలో పరుగు, పడమటి గదిలో కునుకు

కొబ్బరాకు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మామ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యింది, ఒక్కర్తీ ఉండలేదని హైదరాబాద్ ఆఫీసువాళ్లని బతిమాలుకుని ఇక్కణ్ణించే పని చేస్తున్నాను. ఇల్లు పాతకాలపు మండువా. పైన పెంకులు, గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో నేను బాసింపట్టు వేసుక్కూర్చుని టీ తాగొచ్చు.

ఫైబర్ కనెక్షన్ పెట్టించాం, 100 ఎంబీపీఎస్. రౌటర్ని బాబాయి తన గదిలో ఇనప బీరువా మీద, ఇత్తడి బిందెల వెనకాల పెట్టించాడు. అక్కడెందుకు బాబాయ్ అంటే, "కనబడితే దిష్టి, అందితే పిల్లలు" అన్నాడు. ఆ గదిలో ఫోను పట్టుకుంటే సినిమాలు పరుగెడతాయి. నేను పనిచేసేది మండువాకి అవతల, పడమటి గదిలో. అక్కడ సిగ్నల్ ఒక్క గీత, అదీ దానికి బుద్ధి పుడితే. మొన్న మీటింగులో మా మేనేజరు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. వెనకనించి మామ్మ తొంగిచూసి, "పాపం ఆ అబ్బాయికేమైందే, ఆవలింత రాలేదా పూర్తిగా?" అంది. నెట్టు మాట ఎలా ఉన్నా, నా మైకు ఆ ఒక్క క్షణం మాత్రం భేషుగ్గా పనిచేసింది.

కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే "లైను బాగానే ఉంది మేడం, 200 ప్లానుకి మారండి" అంటున్నారు. మారాలా? లేక సిగ్నల్ని అందుకుని దూరానికి పంపే ఎక్స్‌టెండర్ కొనుక్కోనా? ఇంట్లో ఉన్నవి ఒక టీవీ, నాలుగు ఫోన్లు, నా లాప్‌టాప్. కరెంటు కూడా మధ్యాహ్నాలు పోతూ వస్తూ ఉంటుంది.

గచ్చిబౌలి బ్యాచిలర్:

ఎక్స్‌టెండర్ కొనెయ్ అక్కా. ప్లగ్గులో గుచ్చితే పనైపోతుంది, మా రూమ్‌లో అదే. ప్లాన్ కూడా పెంచుకో, ఓ గొడవ వదిలిపోద్ది.

పాత లైన్‌మేన్:

తమ్ముడు తొందరపడ్డాడు. అమ్మాయ్, ఇప్పుడే రూపాయి కూడా తియ్యకు.

నేను టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో చేరి, 2000 అక్టోబరులో అది బీఎస్‌ఎన్‌ఎల్ అయ్యాక కూడా అందులోనే ఉండి రిటైరైనవాణ్ణి. మీ వైపు నేను ఎక్కని స్తంభం లేదులే. అప్పట్లో ఫోను పలకట్లేదని కంప్లయింటు వస్తే వెళ్లేవాణ్ణి. కొన్ని ఇళ్లలో డయలుకి బుల్లి తాళం వేసి ఉండేది, ఎవరూ తిప్పకుండా. ఇప్పుడు మీ బాబాయి బిందెల వెనక దాచాడు. వస్తువులు మారాయి గానీ ఇంటిపెద్దలు మారలేదు.

ముందు జబ్బెక్కడుందో తేల్చు. లాప్‌టాప్ పట్టుకెళ్లి, రౌటరుకి లాన్ తీగ (వైఫై లేకుండా నేరుగా కలిపే నెట్టు తీగ) గుచ్చి, వైఫై ఆపి స్పీడ్ టెస్టు పెట్టు. 90 పైన వస్తే లైను మంచిదే, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు నువ్వు 200 కాదు 1000 తీసుకున్నా పడమటి గదికి వచ్చేది ఆ ఒక్క గీతే. అసలు 100 అంటే సెకనుకి 100 ఎంబీ దిగుతుందని చాలామంది లెక్క. అవి బిట్లమ్మా, ఎనిమిదితో భాగించు. సెకనుకి పన్నెండున్నర ఎంబీ. మీటింగుకి అందులో పిసరు చాలు. నిలకడగా 4, 5 ఎంబీపీఎస్ వస్తే మీ మేనేజరు ఆవలింత పూర్తిచేసుకుంటాడు.

ఇక బీరువా. వైఫై అంటే రేడియో. ఇనుము, ఇత్తడి, ఏ లోహమైనా దాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. నిలువుటద్దం వెనక ఉండే పూత కూడా లోహమే. నీళ్లు మింగేస్తాయి, కాబట్టి బిందెలు నిండుగా ఉన్నాయంటే మరీ అన్యాయం. అది దాటి వచ్చినదాన్ని మీ గోడలు పీల్చుకుంటాయి. రౌటర్లో రెండు బ్యాండ్లుంటాయి చూడు, 5 గిగాహెర్ట్జ్ ఒకటి, 2.4 ఒకటి. 5 జోరుగా పోతుంది గానీ గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది. 2.4 నెమ్మది, గోడలకి అంతగా జడవదు. దూరంగా కూర్చున్నప్పుడు చేతిలో ఫోను 5 పేరు చూపిస్తూ తడబడుతుంటే, 2.4కి మార్చి చూడు.

మండువా ఇల్లనగానే వైఫై రాదని చేతులెత్తేస్తారు. నేనైతే మండువా దొరికిందంటే పండగే అంటాను. ఇల్లు నడిమధ్య అంత ఖాళీ ఏ అపార్టుమెంటులో ఉంది? రౌటర్ని గదిలోంచి బయటికి తే. మండువా చుట్టూ వసారా ఉంటుంది కదా, అక్కడ చూరు కింద, జల్లు కొట్టని చోటు చూసి, స్తంభానికి మనిషెత్తు పైన చిన్న చెక్క కొట్టించి దాని మీద పెట్టు. అక్కడ నిలబడి చుట్టూ చూస్తే అన్ని గదుల గుమ్మాలూ నీకు కనబడాలి. నీకు కనబడితే దానికీ కనబడుతుంది. సిగ్నలుకి గోడ తొలుచుకుని వచ్చే పని ఉండదు, ఖాళీలోంచి దాటి గుమ్మంలోంచి లోపలికి వస్తుంది. యాంటెన్నాలు నిలువుగా ఉంచు, పడుకోబెట్టకు. అది పక్కలకి పంచే రకం, కొన వైపు పెద్దగా పంచదు.

జరిపేటప్పుడు ఒక్క జాగ్రత్త. రౌటరులోకి వచ్చే ఆ సన్న తీగలో ఉన్నది రాగి కాదు, గాజు. బిగించి మేకుకి చుట్టావంటే లోపలి వెలుగు వంపు దగ్గర బయటికి జారిపోతుంది. ఎల్‌ఓఎస్ అని రాసున్న దీపం ఎర్రగా కొట్టుకుందా, వెలుగు రావట్లేదని అర్థం. కొస ఊడదీసి కంటికెదురుగా పెట్టుకుని "ఏదీ వెలుగు" అని చూడొద్దు. అందులో వచ్చే లేజరు కనబడదు, కన్నుకి మాత్రం మంచిది కాదు. పిల్లల్ని కూడా చూడనివ్వకు. పొడుగు చాలకపోతే లైను కుర్రాణ్ణి పిలిపించు, గాజు టేపుతో అతుక్కోదు.

ఎక్స్‌టెండర్ అంటే గుమ్మంలో నిలబడి ఇటు మాట అటు చెప్పే పిల్లాడు. వినేటప్పుడు చెప్పలేడు, చెప్పేటప్పుడు వినలేడు. అందుకే మామూలు రకాల్లో స్పీడు సగానికి పడిపోతుంది. పైగా ప్లగ్గు ఎక్కడుంటే అక్కడే ఉండాలి, అదేమో సిగ్నల్ సచ్చిన గదిలో ఉంటుంది. అంత అవసరం వస్తే పడమటి గదికి క్యాట్ 6 రకం లాన్ తీగ లాగించు. 100 మీటర్ల దాకా చక్కగా పోతుంది, వాన వచ్చినా గోడ అడ్డొచ్చినా దానికి పట్టదు. కొనేటప్పుడు మాత్రం షాపులో గీకి చూడు. లోపల తెల్లగా వచ్చిందంటే అల్యూమినియం మీద రాగి పూత పూసిన రకం, వద్దు. లోపలా పైనా ఎర్రగా ఉండాలి. తీగ కొసన లాప్‌టాప్ అయినా తగిలించొచ్చు, పాత రౌటర్ ఉంటే దాని సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకి నెట్టు నంబర్లు పంచే పని) ఆపేసి, దాని ఐపీ అడ్రసు (ఆ రౌటరు సొంత నంబరు) మార్చి, లాన్ రంధ్రంలోంచి లాన్ రంధ్రంలోకి కలిపినా సరే. రెండింటికీ పేరూ పాస్‌వర్డూ ఒకటే పెట్టు, ఫోను దాని దారి అది చూసుకుంటుంది.

కరెంటుకి రౌటర్ల కోసమే చిన్న యూపీఎస్‌లు అమ్ముతారు. మీ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉందో చూసి దానికి సరిపోయేది కొను. చాలావాటికి 12 వోల్టులే ఉంటాయి, ఆంపియర్ల దగ్గరే తేడా. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకెయ్, యూపీఎస్ ఉంది కదా అని ఊరుకోకు. గాజులో కరెంటు పారదు, అడాప్టరులోంచి వస్తుంది.

టెక్సాస్ తోడికోడలు:

లైన్‌మేన్ గారూ, మీ రిప్లై మా ఆయనకి చదివి వినిపించాను. మా ఇక్కడ ఇళ్లు కర్ర చట్రం, దానికి జిప్సం అట్ట. పక్కగదిలో తుమ్మితే ఇక్కడ చిరంజీవ అనొచ్చు. ఒక్క రౌటర్ ఇల్లంతా సరిపోయేది. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చాక రోజూ రాత్రి తొమ్మిదింటికి నెట్ పోవడం మొదలైంది. చూస్తే ఆ టైముకి ఆవిడ పాలు వేడిచేసుకుంటుంది. మైక్రోవేవ్ పనిచేసేది కూడా 2.4 దగ్గరేనట, రౌటర్ దాని పక్కనే ఉంది. మా వాడు ఆటలో ఓడిపోయినప్పుడల్లా అమ్మమ్మ మీద అరుపులు. "నా గ్లాసుడు పాలకీ నీ తుపాకులకీ ఏంట్రా సంబంధం" అని ఆవిడ. వాడి కంప్యూటర్ని 5కి మార్చాం. ఇప్పుడు కూడా ఓడిపోతున్నాడు, అరవడానికి కారణం దొరకట్లేదు.

కొబ్బరాకు:

లైన్‌మేన్ బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాం. బీరువా దగ్గర తీగతో 94 వచ్చింది, అంటే దొంగ ఇంట్లోవాడే. మా బాబాయి ముందు ఒప్పుకోలేదు. ఈ పేజీ చూపిస్తే "ఎవరో తెలిసినాయనలాగే ఉన్నాడు" అని తనే మేకులు తెచ్చాడు. ఇప్పుడు రౌటర్ తూర్పు వసారా స్తంభం మీద ఉంది. పడమటి గదిలో గుమ్మానికి ఎదురుగా కూర్చుంటే 5 మీద 60 దాకా వస్తోంది. మూలన మంచం మీద మాత్రం 2.4 మీద 20. నాకు చాలు. ప్లాను మార్చలేదు.

రెండు కొత్త సందేహాలు. దుమ్ము పడుతుందని మామ్మ తన పాత జరీ జాకెట్టు గుడ్డతో రౌటరుకి ముసుగు కుట్టింది. ఉంచొచ్చా? రెండోది, చూరు మీద ఉడతలు తిరుగుతున్నాయి, తీగ కొరుకుతాయేమో. ఇంకా బాబాయి అరుగు మీదికి వచ్చే పిల్లలందరికీ పాస్‌వర్డ్ చెప్పేస్తున్నాడు, అది సందేహం కాదు, బాధ.

పాత లైన్‌మేన్:

ముసుగు తీసెయ్. జరీ లోహం పోగైతే మళ్లీ బీరువా కథే, కాకపోయినా లోపల వేడెక్కుతుంది. దాని ఒంటినిండా ఉన్న కన్నాలు గాలికోసం. మామ్మగారు నొచ్చుకుంటే టీవీ రిమోటుకి తొడిగించు. ఉడతలు కొరుకుతాయి, తప్పకుండా కొరుకుతాయి. చూరు వెంబడి వచ్చినంతమేర అర అంగుళం పీవీసీ గొట్టంలోంచి లాగించు, మలుపుల దగ్గర ఎల్బో వెయ్యకుండా వంపు తిరిగే గొట్టం వాడమను, గాజు కదా.

పిల్లలకి సెట్టింగుల్లో గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే పేరు పెట్టి ఇవ్వు. స్పీడు హద్దు పెట్టే వీలుంటే 10 పెట్టు. అసలు పాస్‌వర్డ్ మార్చేశాక మీ బాబాయికి చెప్పేది గెస్ట్‌దే.