పునర్బలనం అంటే మప్పడమా, మరగడమా?

అడిగినవారు (టెట్‌కు చదువుతున్న అమ్మాయి):
సైకాలజీ పేపర్‌లో పునర్బలనం అన్న మాట దగ్గర ఆగిపోయాను. నిర్వచనం అప్పజెప్పగలను. ఒక పని చేశాక దొరికిన ఫలితం వల్ల ఆ పని మళ్ళీ చేయడం ఎక్కువైతే, ఆ ఫలితం పునర్బలనం. నోటికి వస్తోంది కానీ బుర్రకెక్కడం లేదు. నిన్న రాత్రి మా అక్క కొడుకు అన్నం ముందు కూర్చుని ఫోను కోసం రాగం తీశాడు. వాడికి మూడేళ్ళు. అమ్మమ్మ విస్తరాకులు కుడుతూ, తల కూడా ఎత్తకుండా "వాడు మరిగాడు. మప్పిందెవరు? మీరే" అంది. పాఠమంతా ఆ రెండు మాటల్లో ఉందేమో అనిపించింది. పునర్బలనానికి అవి సరిపోతాయా? మీ వైపు ఎలా వాడతారు?

గుంటూరు వైపు నుంచి ఒకరు:
మా ఇంట్లో మప్పడం అంటే పసిపిల్లలకు అన్నం మప్పడం, దూడకు గడ్డి మప్పడం. మా నాయనమ్మ లేత గడ్డి రెండు పోచలు తుంచి దూడ నోట్లో పెట్టేది. ఉమ్మేస్తే మళ్ళీ పెట్టేది. కాస్త నమిలిందా, గంగడోలు నిమిరేది. నాలుగు రోజులకల్లా దూడే ఆవిడ చెయ్యి నాకుతూ వెంటపడేది. తిరుగుకు తిప్పు ఉన్నట్టే మరుగుకు మప్పు ఉందని నాకు అనిపిస్తుంది. నేర్పేవాడి వైపు నుంచి మప్పడం, నేర్చుకునేవాడి వైపు నుంచి మరగడం.

నల్గొండ నుంచి ఒకరు:
మా దిక్కు మప్పుడు అంతగా వినం. మరుగుడు మాత్రం రోజూ వింటాం. కల్లుకు మరిగిండు, పేకాటకు మరిగిండు అంటాం. చదువుకు మరిగిండు అని ఎవరూ అనరు. నెత్తురు మరిగిన పులి అంటారు కానీ గడ్డి మరిగిన ఆవు అనరు కదా. పరీక్షలో రాస్తే పేపర్ దిద్దే సారుకు తాగుబోతు గుర్తుకొస్తడు.

బీఎడ్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు:
ఆ అభ్యంతరం సరైనదే, కానీ అసలు చిక్కు ఇంకోచోట ఉంది. "పాలు మరిగిన పిల్లి ఉట్టెక్కింది" అన్నామనుకోండి. పిల్లి మరిగింది పాలకు. పునర్బలనం మీద ప్రయోగాలు చేసిన అమెరికన్ సైకాలజిస్టు స్కిన్నర్ చూసేది పాలను కాదు, ఉట్టి ఎక్కడాన్ని. పాలు దొరికాయి కాబట్టి ఎక్కడం బలపడింది. పాలు పునర్బలనం, ఎక్కడం బలపడిన ప్రవర్తన. బలం వచ్చింది పిల్లికి కాదు, పనికి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. విద్యార్థులు తప్పుతున్నది ఎక్కువగా ఇక్కడే. "పిల్లవాడికి పునర్బలనం ఇచ్చాను" అని రాస్తారు. ఏ పనికి ఇచ్చావు నాయనా అంటే జవాబుండదు.

ఇక మాట సంగతి. ఈ అర్థంలో దీన్ని మొదట వాడినవాడు రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్. రష్యన్‌లో ఆయన మాట పద్‌క్రెప్లేనియె. యుద్ధంలో సైన్యానికి వచ్చే అదనపు బలగాన్నీ ఆ మాటతోనే అంటారు. దాని క్రియారూపానికి కాస్త ఏదైనా తిని ఓపిక తెచ్చుకోవడం అనే అర్థం కూడా ఉంది. కుక్క ముందు తాళం వేసే మెట్రోనోమ్ యంత్రం టిక్‌టిక్ అన్నాక మాంసంపొడి పెట్టేవాడికి ఇంతకంటే తగిన మాట ఏముంటుంది! 1927లో పావ్లోవ్ శిష్యుడు ఆన్రెప్ ఆయన ఉపన్యాసాలను ఇంగ్లీషులోకి తెచ్చేసరికి బలగం మిగిలింది, ఆ చిరుతిండి కాస్తా రాలిపోయింది. మనం రీఇన్‌ఫోర్స్‌మెంట్ అనే ఆ ఇంగ్లీషు మాటను పట్టుకుని పునః, బలనం అని అతికించాం. నన్నడిగితే తాయిలం అన్నా బాగుండేది.

చర్చికి వెళ్ళే ఒక పాఠకురాలు:
మాస్టారూ, నాది చిన్న సందేహం. కండిషనింగ్‌కు వాడే నిబంధన అనే మాట కూడా ఆ పాఠంలోదే కదా. నాకు నిబంధన అంటే పాత నిబంధన, కొత్త నిబంధన. ఊళ్ళో మిగతావాళ్ళకు టెండర్ నిబంధనలు. "కుక్క నిబంధనకు లోనైంది" అని చదివితే అది ఏ కాగితం మీద సంతకం పెట్టిందా అనిపిస్తుంది.

మాస్టారు:
నవ్వించారమ్మా. అయితే పొరపాటున మనవాళ్ళు మూలానికే దగ్గరగా వెళ్ళారు. పావ్లోవ్ ఉస్లోవ్నీ అన్నాడు. అంటే షరతు మీద ఆధారపడినది అని. గంటో టిక్‌టిక్కో వినిపించి తిండి రావడం అనే షరతు కుదిరితేనే ఆ చప్పుడుకు లాలాజలం ఊరుతుంది. షరతు తప్పితే ఊరడం ఆగుతుంది. ఇంగ్లీషులో కండిషనల్ కావాల్సింది కండిషన్డ్ అయి కూర్చుంది, ఎవరో పట్టుకుని దాన్ని తీర్చిదిద్దినట్టు. మన నిబంధనలో షరతు ఇంకా బతికే ఉంది.

మళ్ళీ గుంటూరు వైపు నుంచి:
వీటన్నిటికీ వేమన ఒక్క పాదంలో జవాబు చెప్పాడు కదండీ. "తినగ తినగ వేము తియ్యనుండు."

మాస్టారు:
అందరూ అదే పద్యం ఎత్తుతారు. నాకూ ఇష్టమే. కానీ థార్న్‌డైక్ సంగతి చూడండి. 1898లో పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి తలుపు తీసుకోవడం నేర్పించిన మనిషి. ఆయన నియమాల్లో మంచి ఫలితం వచ్చిన పని బలపడుతుందనే ఫలిత నియమం ఒకటి, అభ్యాస నియమం ఒకటి. అభ్యాస నియమం అచ్చం మీ పద్యమే, చేయగా చేయగా వస్తుందని. తర్వాత మనుషుల కళ్ళు మూసి 4 అంగుళాల గీత గీయమన్నాడు, పొడుగైందో పొట్టిదైందో చెప్పకుండా. వందల సార్లు గీసినా గీత మెరుగుపడలేదు. 1930 ప్రాంతంలో నేను పొరబడ్డాను అని ఆ నియమాన్ని తానే వెనక్కి తీసుకున్నాడు. ఊరికే తినగా తినగా వేప తియ్యబడదు. తిన్నాక ఏమైందో నాలుకకు తెలియాలి. అయితే ఆ పద్యంలోనే మూడో పాదం "సాధనమున పనులు సమకూరు" అంటుంది. సమకూరడం అంటే ఫలితం అందడమే కదా, కాబట్టి వేమన్నను మరీ తప్పుపట్టలేం.

అడిగినవారు:
సర్, రుణాత్మక పునర్బలనం గురించి కూడా చెప్పండి. నేను దాన్ని దండన అనుకుని రెండు మాక్ టెస్టుల్లో మార్కులు పోగొట్టుకున్నాను.

మాస్టారు:
రుణం అంటే అప్పు, అప్పు అంటే చెడు, కాబట్టి తిట్టడమో కొట్టడమో అనుకుంటారు. ఇక్కడ ధన, రుణ అంటే లెక్కల్లో ప్లస్సు, మైనస్సు, అంతే. ఇష్టమైనది చేరితే ప్లస్సు, బాధపెట్టేది తొలగితే మైనస్సు. రెంటిలోనూ ప్రవర్తన పెరుగుతుంది. కారులో బెల్టు పెట్టేదాకా కూత పెడుతుంది చూడండి. ఆ కూత ఆగడం కోసం మీరు బెల్టు పెట్టుకోవడం రుణాత్మకం. దండనలో ప్రవర్తన తగ్గుతుంది. మీ ఇంట్లోనే చూడండమ్మా. ఏడిస్తే ఫోను వచ్చింది, కాబట్టి పిల్లవాడి ఏడుపు పెరిగింది. అది ధనాత్మకం. ఫోను ఇస్తే ఏడుపు ఆగింది, కాబట్టి మీ అక్క ఫోను ఇవ్వడం పెరిగింది. అది రుణాత్మకం. వాడికి మీరు ఫోను మప్పారు, మీకు వాడు ఫోను ఇవ్వడం మప్పాడు.

అడిగినవారు:
అయ్యో, ఇది అక్కకు చదివి వినిపిస్తే పెద్ద గొడవే! కానీ అక్క ప్రతిసారీ ఇవ్వదు సర్. మూడు రోజులు బిగబట్టి నాలుగో రోజు ఇస్తుంది.

మాస్టారు:
అది మరీ ప్రమాదం. స్కిన్నర్ ఎలుకల కోసం తిండి గుళికలు తానే చేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం చూసుకుంటే సోమవారం దాకా వచ్చేలా లేవు. మెషీన్ ముందు కూర్చుని గుళికలు చేసే ఓపిక లేదు. మీట నొక్కిన ప్రతిసారీ కాకుండా నిమిషానికి ఒకటే ఇద్దామనుకున్నాడు. ఎలుకలు నొక్కుతూనే ఉన్నాయి. ఆ బద్ధకం పెద్ద పరిశోధనకు దారితీసింది. ప్రతిసారీ దొరికిన జీవి, దొరకడం ఆగగానే తొందరగా మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి దొరికిన జీవి తొందరగా వదలదు. పేకాట రాయుడు లేవకపోవడం కూడా ఇందుకే. నల్గొండ తమ్ముడు చెప్పిన మరిగిండు అన్న మాట ఇక్కడ మాత్రం అతికినట్టు సరిపోతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇవ్వడం మానేసిన మొదట్లో ఏడుపు తగ్గకపోగా, ఇంకా పెరగొచ్చు.

అడిగినవారు:
అర్థమైంది సర్. పరీక్షలో పునర్బలనం అనే రాస్తాను, ఇంట్లో మాత్రం అమ్మమ్మ మాటలే. ఫోను బీరువాలో పెట్టి ఇవాళ రెండో రోజు. మీరన్నట్టే గొంతు రెట్టింపైంది. అక్క బీరువా తాళం వైపే చూస్తోంది. ఇప్పుడే పక్కింటి ఆంటీ తలుపు కొడుతున్నారు, పిల్లాడికి ఏమైందని. ఉంటాను.