ఎల్4-ఎల్5 బల్జ్: బెంగళూరులో ఏ కైరోప్రాక్టర్, ఏ టెక్నిక్?

మారతహళ్ళి_మధు:
అందరికీ నమస్తే. మళ్ళీ రోజూ ఆఫీసుకి రమ్మన్నప్పటి నుంచి నడుం నొప్పి బాగా ఎక్కువైంది, ఎమ్మారైలో ఎల్4-ఎల్5 మైల్డ్ బల్జ్ అని వచ్చింది, అంటే నడుం దగ్గర రెండు పూసల మధ్య డిస్క్ కొంచెం ఉబ్బిందంట. ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా లాగేస్తుంది. ఆర్థో ట్యాబ్లెట్లు రాసి బెల్ట్ పెట్టుకోమన్నాడు అంతే. టీమ్‌లో అందరూ కైరో కైరో అంటున్నారు, చేత్తో వెన్ను నొక్కి సరిచేసే కైరోప్రాక్టిక్ అంట, అందులో మళ్ళీ గాన్‌స్టెడ్ అంట, యాక్టివేటర్ అంట, డ్రాప్ టేబుల్ అంట, నాకేది పనికొస్తుందో తెలీట్లేదు. వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు వైపు మంచివాళ్ళుంటే చెప్పండి, ఫీజు ఎంతో కూడా.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
ముందు బండి మానెయ్ గురూ. ఔటర్ రింగ్ రోడ్ గుంతల్లో రోజూ యాక్టివా తోలుతూ ఎవడి చేత నొక్కించుకున్నా సాయంత్రానికి మళ్ళీ మొదటికే. ఎల్లో లైన్ మెట్రో వచ్చాక నా నడుం సగం బాగైంది, ఏ డాక్టర్ గొప్పతనమూ కాదు.

కోరమంగళ_కిరణ్:
జాగ్రత్త బ్రో. పేరు చెప్పను గానీ నన్ను ఫ్రీ చెకప్ అని పిలిచి, మెడ నుంచి కింద దాకా ఎక్స్‌రే తీసి, దాని మీద ఎర్ర గీతలు గీసి, మీ కర్వ్ పోయింది ఇలాగే వదిలేస్తే నలభై దాటాక నడవలేరు అని భయపెట్టి ప్యాకేజీ అంటగట్టారు. వెళ్ళిన ప్రతిసారీ ఐదు నిమిషాలు, అదే నాలుగు నొక్కుళ్ళు, నా ముందోడికీ అవే నా వెనకోడికీ అవే. మధ్యలో ఆపేస్తా మిగతా డబ్బులివ్వండి అంటే పాలసీ లేదన్నారు.

డల్లాస్_రిటర్న్:
బేసిక్స్ తెలీకుండా ఎవరికి తోచింది వాళ్ళు రాస్తున్నారు. అమెరికాలో ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి చేయించుకున్నా, అన్ని టెక్నిక్కులూ ఈ వీపు చూసేసింది. రీల్స్‌లో పక్కకి తిప్పి టక్‌మనిపిస్తారే, అది డైవర్సిఫైడ్. గాన్‌స్టెడ్ వాళ్ళు ఎక్స్‌రే చూసి, వెన్ను మొత్తం తడిమి, ఫలానా పూస అని తేల్చుకుని దాన్నే పట్టుకుంటారు. యాక్టివేటర్ చేతిలో పట్టే స్ప్రింగ్ పరికరం, స్టేప్లర్ కొట్టినట్టు క్లిక్‌మంటుంది, ఒళ్ళు తిప్పడం ఉండదు, భయస్తులకి అదే బెస్ట్. డ్రాప్ టేబుల్ అంటే థాంప్సన్, అందులో నొక్కగానే టేబుల్ ముక్క కొంచెం కిందకి పడుతుంది కాబట్టి తక్కువ బలం చాలు. మధు, నీకు కావాల్సింది కాక్స్ ఫ్లెక్షన్ డిస్ట్రాక్షన్. బోర్లా పడుకోబెట్టి కాళ్ళ వైపు టేబుల్‌ని మెల్లగా కిందకి వంచుతూ లాగుతారు. 1895లో పామర్ అనే ఆయన అమెరికాలో డావెన్‌పోర్ట్‌లో మొదలుపెట్టిన సైన్స్ ఇది, తమాషా కాదు.

కోరమంగళ_కిరణ్:
సైన్సా! ఆ పామర్ అంతకుముందు అయస్కాంత వైద్యం చేసుకునేవాడు, మొట్టమొదట బాగుచేశానని చెప్పుకుంది ఒకాయన చెవుడు. వీపు నొక్కితే చెవులు వినపడ్డాయంట.

పుత్తూరోడు:
ఇన్ని పేర్లు దేనికి సామీ. తిరుపతికి పోతారు గదా, అట్నే పుత్తూరు పక్కన రాచపాళానికి పోండి, ఎముకలకి నాటు కట్టు కట్టేది ఆడే, పుత్తూరు కట్టు అంటారు. మా తాత చెయ్యి రెండు ముక్కలైతే ఆకు పసురు, గుడ్డు తెల్లసొన పట్టించి వెదురుబద్దలతో కట్టినారు, సచ్చేదాకా ఆ చేత్తోనే మడక దున్నినాడు. ఏ టేబులూ ల్యా, ఏ స్ప్రింగూ ల్యా.

ఫిజియో_లత:
విరిగిన చేతికి వేసే కట్టుకీ డిస్క్‌కీ ఏంటండీ సంబంధం? ఈయన కాల్లో నరం లాగుతోంది అంటున్నారు, ఎముక విరిగింది అనలేదు. పైగా పుత్తూరు కట్టు అని బోర్డు పెట్టినచోటల్లా బిగించి కట్టించుకుని, రక్తం ఆడక వేళ్ళు నల్లబడి వచ్చినవాళ్ళని హాస్పిటల్లో చూశాను.

పుత్తూరోడు:
బోర్డు పెట్టినోళ్ళంతా పుత్తూరోళ్ళు కాదు మేడం. మద్రాసులో సందుకొకటి ఉండాది ఆ బోర్డు, దానికి మా ఊరేం జేసింది? ఆస్పత్రిలో వేసిన పిండికట్టు బిగుసుకోదా యెప్పుడూ? తరాల నుంచి కట్టేవోళ్ళని నాలుగేండ్లు చదివి తప్పు పట్టకండి.

ఫిజియో_లత:
నాలుగున్నరేళ్ళు. ఎక్స్‌రే చూడకుండా కట్టేది ఎవరైనా తప్పే, ఏ ఊరైనా సరే.

పుత్తూరోడు:
ఎక్స్‌రే తీసుకునే పోతారు అక్కడికి! ఒకసారన్నా పోయి చూసి మాట్లాడండి.

పల్లావరం_పద్మ:
మాది చెన్నై అండి. మా ఆడపడుచు తాంబరం శానటోరియం సిద్ధ ఇన్‌స్టిట్యూట్‌లో వర్మం చేయించుకుంది, ఒంట్లో కొన్ని చోట్ల నొక్కి చేసే తమిళ సంప్రదాయ వైద్యం, గవర్నమెంటుది, ఓపీకి పొద్దున్నే వెళ్ళాలి. అది కూడా ఒకసారి ఆలోచించండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
మధు బెళ్ళందూరు దాటలేక ఏడుస్తుంటే తాంబరం పంపిస్తున్నారు 😂

కోరమంగళ_కిరణ్:
లత గారూ, ఫిజియోలు మాత్రం తక్కువా? కరెంటు ప్యాడ్లు అతికించి, కర్టెన్ లాగేసి, బయటికెళ్ళి ఫోన్ చూసుకుంటారు. టక్ అన్నాకైనా కాసేపు హాయిగా ఉండేది నాకు.

ఫిజియో_లత:
అలా మెషీన్ పెట్టి వదిలేసే చోటికి నేనూ వెళ్ళొద్దనే చెప్తాను. ఆ టక్ మాత్రం ఎముక సర్దుకున్న చప్పుడు కాదు. కీలు రెండు వైపులా విడిపడగానే లోపలి ద్రవంలో ఖాళీ ఏర్పడుతుంది, 2015లో కెనడా వాళ్ళు వేళ్ళు విరుస్తుండగా ఎమ్మారై తీసి చూపించారు. చప్పుడు రాలేదంటే ట్రీట్‌మెంట్ ఫెయిలైనట్టూ కాదు.

మధు గారూ, మీరు అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను చెప్తా. బల్జ్ అన్న మాటకే భయపడకండి, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవాళ్ళలోనే దాదాపు 30 శాతం మందికి ఎమ్మారైలో కనిపిస్తుంది. మడమల మీద నడవగలుగుతున్నారా? వెల్లకిలా పడుకుని కాలు మడవకుండా లేపితే ఎక్కడ లాగుతోంది? ఇవి చూడకుండా నేరుగా టేబుల్ ఎక్కమనేవాళ్ళ దగ్గర ఏ టెక్నిక్ ఉన్నా లేచి వచ్చెయ్యండి. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం తెలీకుండా పోవడం లాంటిది ఉంటే ఇక్కడ పోస్టులు చదువుతూ కూర్చోకుండా అప్పుడే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. మన దేశంలో కైరోకి విడిగా కౌన్సిల్ ఏదీ లేదు, అందుకే ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళ డిగ్రీ అని మొహమాటపడకుండా అడగండి. వారాంతపు కోర్సు చేసినవాళ్ళు కూడా పేరు పక్కన కైరో అని పెట్టుకుంటున్నారు.

డల్లాస్_రిటర్న్:
నేను కాక్స్ అని చెప్పింది జవాబు కాదా మరి? ఆ టేబుల్ ఎవరి దగ్గరుందో ఫోన్ చేసి కనుక్కుంటే సరిపోయేదానికి ఇంత ఉపన్యాసం.

నెల్లూరు_పిల్ల:
లతక్కా, మా అమ్మకి ఎముకలు గుల్లబారాయి అన్నారు, మెడనొప్పి కూడా ఉంది. మా మరిది వీడియోలు చూసి మెడకి పట్టీ వేసి లాగుతారే, అది చేయిద్దాం అంటున్నాడు.

ఫిజియో_లత:
వద్దమ్మా. ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్ళకి మెడ తిప్పడాలూ లాగడాలూ అసలు వద్దు. మామూలు వాళ్ళలో కూడా అరుదుగా మెడ రక్తనాళం లోపలి పొర చిరిగి స్ట్రోక్ వచ్చిన కేసులున్నాయి. రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా? మెసేజ్ చెయ్యి.

మారతహళ్ళి_మధు:
థ్యాంక్స్ లత గారూ. మడమల మీద బానే నడుస్తున్నా, కాలు లేపితే మాత్రం పిక్క దాకా లాగుతోంది. ఇవన్నీ రాసుకుని శనివారం ఒక ఫిజియోకి చూపించుకుంటా, కైరో సంగతి ఆ తర్వాత. ఫీజు ఎంతో ఒక్కరూ చెప్పలేదు 🙏

పుత్తూరోడు:
మా ఊర్లో ఖర్చు తక్కువే.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
తలకిందులుగా వేలాడే ఇన్వర్షన్ టేబుల్ అమ్ముతున్నా, బట్టలు ఆరేసుకోవడానికి తప్ప వాడలేదు. హెచ్ఎస్ఆర్ లేఅవుట్ వచ్చి తీసుకెళ్ళాలి.