కియా పక్కనే ఉన్నా మా ఊరి పిల్లలు బెంగళూరు బస్సే ఎక్కుతున్నారు: ఊరికి పని తెచ్చే దారి ఏది?

ప్రశ్న – రొద్దం నుంచి యలహంక

రొద్దం మండలంలోని ఒక చిన్న ఊరికి చెందిన మేము కొంతమందిమి బెంగళూరులో, ఎక్కువగా యలహంక, హెబ్బాళ ప్రాంతాల్లో స్థిరపడ్డాము. ఏటా జాతరకు చందాలు వేసుకునే అలవాటు మాకు ఉంది. ఈసారి జాతర ఖర్చు పోగా మిగిలిన సొమ్ముకు మరికొంత కలిపి, ఊరి పిల్లలకు అక్కడే పని దొరికే ఏర్పాటు ఏదైనా చేయాలని నిర్ణయించుకున్నాము. పెద్ద మొత్తం కాదు. ఒక రేకుల షెడ్డు వేసి చిన్న యంత్రం పెట్టడానికి సరిపోతుంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం, చుట్టూ విడిభాగాల కంపెనీలు, పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి, గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్లు; కరువుసీమకు ఇంతకంటే ఏం కావాలని అప్పట్లో అందరమూ సంబరపడ్డాము. హైవే పక్కన భూముల ధరలు పెరిగాయి, పెనుకొండలో అద్దె గదులూ హోటళ్లూ వెలిశాయి. అయినా మా ఊళ్లో ఇంటర్ పాసైన కుర్రవాడు ఇప్పటికీ బెంగళూరు వచ్చి డెలివరీ పనిలోనో, అపార్టుమెంటు కాపలా పనిలోనో చేరుతున్నాడు.

మా ముందు మూడు ఆలోచనలు ఉన్నాయి. ఊళ్లో చింతపండు శుద్ధిచేసే షెడ్డు వేయడం ఒకటి, మండలానికి ఒక చిన్న పారిశ్రామికవాడ కావాలని కలెక్టరు గారికి విన్నవించడం మరొకటి, పిల్లలకు శిక్షణ ఇప్పించి ఉన్న కంపెనీల్లోనే చేర్చడం మూడవది. అనుభవం ఉన్నవారు ఏది నిలబడుతుందో చెప్పగలరని మనవి.

జవాబు – షాపుఫ్లోరు

నేను విడిభాగాల తయారీ సంస్థలో సిబ్బంది నియామకాలు చూసిన వాణ్ణి, ఇప్పుడు బెంగళూరు పీణ్యలో ఉంటున్నాను. మీ మూడు ఆలోచనల్లో రెండవదాన్ని ముందే పక్కన పెట్టండి. ప్రతి శాసనసభ నియోజకవర్గంలోనూ ఒక ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కు పెడతామని రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించింది కాబట్టి, మీరు అడిగినా అడగకపోయినా స్థలం వస్తుంది. అందులోకి వచ్చి యూనిట్ పెట్టే మనిషి ఎవరన్నదే అసలు ప్రశ్న. ప్లాట్లు వేసి, దీపాలు పెట్టి, కంపచెట్లు పెంచుతున్న పారిశ్రామికవాడలు మన రాయలసీమలో తక్కువేమీ కాదు.

కియా వంటి చోట నియామకం ఎలా జరుగుతుందో మన ఊళ్లలో చాలామందికి తెలియదు. పర్మినెంటు ఉద్యోగాలకు ఐటీఐ గానీ డిప్లొమా గానీ అడుగుతారు. ఉత్త ఇంటర్‌తో వచ్చినవారు ఎక్కువగా కాంట్రాక్టరు ద్వారా ప్యాకింగ్, లోడింగ్, హౌస్‌కీపింగ్ పనుల్లో చేరతారు, ఆ జీతం మీద బెంగళూరు డెలివరీ పనే మేలనిపించడం సహజం. ‘75 శాతం స్థానికులకే’ అని 2019లో రాష్ట్రం చట్టం చేసింది కదా అని అడుగుతారేమో. ఆ చట్టంలో స్థానికుడు అంటే రాష్ట్రవాసి; శ్రీకాకుళం అబ్బాయినీ రొద్దం అబ్బాయినీ అది ఒకే గాటన కడుతుంది. పైగా హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఆశ పెట్టుకోదగ్గది అప్రెంటిస్ చట్టం మీద. 30 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నేను చూసినంతలో వీరిని వెతుక్కోవడమే సంస్థలకు తలనొప్పి. పిల్లల పేర్లు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించి, ఆధార్‌లోనూ పదవ తరగతి సర్టిఫికెట్‌లోనూ పేరు ఒకేలా ఉండేట్టు సరిచేయించి, ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ ట్రేడుల్లో చేర్పిస్తే మీ సొమ్ములో ఎక్కువ భాగం మిగిలే ఉంటుంది. పేరులో ఒక అక్షరం తేడా వల్ల చేతికొచ్చిన ఉద్యోగం జారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

జవాబు – హిందూపురం మండీ

మాది హిందూపురంలో చింతపండు వ్యాపారం చేసే కుటుంబం. పెళ్లయిన తరువాత కె.ఆర్. పురంలో ఉంటున్నాను. షెడ్డు గురించి నాకు తెలిసినది చెబుతాను.

మన ప్రాంతంలో చింతపండు పని ఇప్పటికే ఉంది, అది షెడ్డులో కాక ఇళ్ల అరుగుల మీద జరుగుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కాయ కొట్టి, గింజ తీసి, నార తీసే పని అంతా ఆడవాళ్లదే, కూలి కిలో లెక్కన. మీరు గింజ తీసే యంత్రం తెచ్చి పెడితే ఒకరిద్దరు కుర్రవాళ్లకు ఏడాదిలో మూడు నెలలు పని దొరుకుతుంది, అదే ఊళ్లో పదిళ్ల ఆడవాళ్ల చేతిపని పోతుంది. ఉద్యోగాలు పెంచామని మీరు లెక్క రాసుకునేటప్పుడు ఆ రెండో పద్దు కూడా రాసుకోవాలి కదా?

చింతపండులో లాభం శుద్ధి చేయడంలో కంటే నిల్వ చేయడంలో ఉంది. కోత కాలంలో అందరూ ఒక్కసారే మార్కెట్‌కు తెస్తారు, ధర పడుతుంది. వేడికి పండు నల్లబడితే ధర మరీ పడిపోతుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టి రంగు కాపాడుకున్నవాడు కొన్ని నెలలు ఆగి అమ్ముతాడు. నార, గింజ లేకుండా తీసిన కరిపులి అనే మేలు రకానికీ, ఫ్లవర్ అనే తక్కువ రకానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. అంటే మీ ఊరి మహిళా సంఘాలకు కావలసింది యంత్రం కాదు, సరుకును పట్టి ఉంచడానికి పెట్టుబడి. ఆహార శుద్ధి సూక్ష్మ సంస్థల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకంలో సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం, యూనిట్‌కు 35 శాతం సబ్సిడీ ఉన్నాయి. సబ్సిడీ కోసం అవసరం లేని యంత్రం కొనిపించే దళారులు కూడా ఆ పథకం వెంటే తిరుగుతుంటారు, జాగ్రత్త.

జవాబు – పట్టుగూడు

పట్టు ఊసే ఎవరూ ఎత్తలేదేమిటి? హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది, కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది, అయినా మన రైతుల్లో చాలామంది గూళ్లు వేసుకుని కర్ణాటకలోని రామనగరం వెళ్తున్నారు. గూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ అక్కడ జరిగితే కూలి కూడా అక్కడిదే. బెంగళూరు తెలుగువారికి సిల్క్ బోర్డు అంటే ట్రాఫిక్ జామ్ మాత్రమే గుర్తుకొస్తుంది గానీ, ఆ కార్యాలయం లోపలికి వెళ్లి రీలింగ్ యూనిట్ల సహాయం గురించి అడిగినవారు మనలో ఎంతమంది ఉన్నారు?

జవాబు – హోసూరు తెలుగు

షాపుఫ్లోరు గారు చెప్పినదానితో సగమే ఏకీభవిస్తున్నాను. పిల్లలను కంపెనీలో చేర్చి ఊరుకుంటే అది ఊరి అభివృద్ధి అవుతుందని నేను అనుకోను. ఆ కంపెనీ కాంట్రాక్టు తగ్గించిన రోజున మళ్లీ బెంగళూరు బస్సే.

మా హోసూరు సంగతి చూడండి. బెంగళూరు పొలిమేరలో, తమిళనాడు సరిహద్దులో, తెలుగు ఇళ్లు ఎక్కువగా ఉన్న ఒకప్పటి చిన్న ఊరు ఇది. 1970లలో తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ వారి పారిశ్రామికవాడ వచ్చింది, 1980లలో టైటాన్ గడియారాల కర్మాగారం వచ్చింది, అశోక్ లేలాండ్, టీవీఎస్ ఉన్నాయి. పెద్ద కంపెనీలు ఇచ్చిన ఉద్యోగాలను నేను తక్కువ చేయను. కానీ మా వీధుల్లో పని నిలబడింది, ఆ కంపెనీల్లో పది పదిహేనేళ్లు పనిచేసిన టర్నరూ టూల్‌మేకరూ బయటికి వచ్చి, రెండు లేత్ మిషన్లతో సొంత వర్క్‌షాపు పెట్టి, పాత కంపెనీకే చిన్న చిన్న భాగాలు చేసి ఇవ్వడం మొదలుపెట్టిన తరువాతే. దానికి ఒక తరం పట్టింది. పెనుకొండలో ఉత్పత్తి మొదలై పదేళ్లు కూడా కాలేదు. ఫలితం రాలేదని ఇప్పుడే తీర్పు చెప్పడం తొందరపాటు.

అందుకే మీ సొమ్మును రెండుగా విడదీయమంటాను. కొంత శిక్షణకు ఖర్చు చేయండి, మిగతాది బ్యాంకులో అలాగే ఉంచండి. నాలుగైదేళ్ల తరువాత మీ ఊరి వెల్డరు ఒకడు సొంతంగా యూనిట్ పెడతానని వస్తాడు. స్వయం ఉపాధికి రుణం, సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల వరకు ప్రాజెక్టు అనుమతిస్తారు, గ్రామీణ ప్రాంతమైతే 25 నుంచి 35 శాతం సబ్సిడీ వస్తుంది. కానీ జనరల్ వర్గం వారైతే 10 శాతం, మిగతావారైతే 5 శాతం తన వంతు పెట్టుబడి ముందే చూపాలి. మన పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఆ వంతును వడ్డీ లేకుండా మీరు ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు – రొద్దం నుంచి యలహంక

అందరికీ కృతజ్ఞతలు. హిందూపురం మండీ గారు చెప్పిన రెండో పద్దు మాలో ఎవరికీ తట్టలేదు. షెడ్డు ఆలోచన మానుకుని, ఆ విషయం ఊళ్లో సంఘం ఆడవాళ్లనే అడుగుతాము. పట్టు సంగతి మల్బరీ వేసిన రైతులతో మాట్లాడి తేలుస్తాము. శిక్షణ వైపు మొగ్గుతున్నాము గానీ ఒక చిక్కు ఉంది: రాత్రి షిఫ్టు దిగిన పిల్లలు ఊరికి చేరడానికి బస్సు లేదు, కంపెనీ బస్సులు మా దారిలో రావు. పెనుకొండలో గది తీసుకుంటే జీతంలో పెద్ద భాగం దానికే పోతుంది.

జవాబు – షాపుఫ్లోరు

హోసూరు వారి రెండో సగాన్ని ఒప్పుకుంటాను, ఆ వంతు పెట్టుబడి ఆలోచన నాకు రాలేదు. ఇక బస్సు సంగతి. కంపెనీ బస్సుల దారులను తలల లెక్క చూసి మారుస్తారు. ఒక ఊరి నుంచి ఇద్దరు ఉంటే ఎవరూ పట్టించుకోరు. కాబట్టి మీ ఊరితో ఆగకుండా ఆ దారిలోని నాలుగైదు ఊళ్ల నుంచి కలిపి, ఒకే విడతలో, ఒకే రెండు మూడు కంపెనీల్లో చేర్పించే ప్రయత్నం చేయండి. పేర్లు, షిఫ్టు వేళలు, ఎక్కే స్టాపులు రాసిన జాబితాను కంపెనీ రవాణా విభాగానికి ఒకటి, హిందూపురం ఆర్టీసీ డిపో మేనేజరు గారికి ఒకటి ఇవ్వండి. అది కుదిరేదాకా ఊరి ఆటో ఒకదాన్ని నెలవారీగా మాట్లాడుకుని, అందులో సగం మీ నిధి నుంచి భరించండి. జాబితాలో ఆడపిల్లల పేర్లు మొదటి విడతలోనే ఉండాలి. వాళ్ల అమ్మానాన్నలు జీతం ఎంతని అడగకముందే తిరుగు బస్సు ఎన్నింటికని అడుగుతారు, దానికి మీ దగ్గర రాతపూర్వకమైన జవాబు ఉండాలి.