అప్‌డేట్: నాన్న ట్యూమర్ జీన్ టెస్ట్ రిపోర్ట్ వచ్చింది
పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి పాకిన మా నాన్నకి జీన్ టెస్ట్ రిపోర్ట్ వచ్చేదాకా కీమో ఆపాలా అని అడిగాను కదా. ఆపలేదు, మొదటి సైకిల్ ఇచ్చేశారు. ఈలోపు రిపోర్ట్ వచ్చింది, కేఆర్ఏఎస్ జీన్‌లో జీ12డీ మ్యుటేషన్ ఉందట, అంటే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే టార్గెటెడ్ మందులు పనిచేయవు, ఎందుకంటే అవి కణాన్ని పెరగమని చెప్పే, కణం పైనున్న ఈజీఎఫ్ఆర్ స్విచ్‌ని ఆపుతాయి గానీ దాని కింద ఉండే కేఆర్ఏఎస్ తనంతట తానే ఆన్‌లో ఉండిపోతుంది. నేనేమో ఆ మందుల మీదే ఆశ పెట్టుకుని కూర్చున్నా! ఎంఎస్ఐ (కణం తన డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దుకుంటోందో లేదో చూపే టెస్ట్) స్టేబుల్ అని వచ్చింది కాబట్టి ఇమ్యూనోథెరపీ వల్ల కూడా పెద్దగా లాభం ఉండదన్నారు. రెండో సైకిల్ నుంచి కీమోకి బెవాసిజుమాబ్ (ట్యూమర్‌కి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) కలుపుతున్నారు, దానికి ఈ మ్యుటేషన్ అడ్డం కాదట. ఎంఎస్ఐ స్టేబుల్ కాబట్టి లించ్ సిండ్రోమ్ (వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు తెచ్చేది) టెన్షన్ మాత్రం చాలావరకు తగ్గింది. నాన్న రిపోర్ట్ చూడనే లేదు, "ఏ మందో చెప్పండి చాలు" అన్నారు.